ఆ స్క్రూ జోలికి పోకు

అల్లుడూ,

మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. 1990 ఫోర్డ్ ఎఫ్-150 కొన్నావట, స్లోలో, అంటే యాక్సిలరేటర్ తొక్కనప్పుడు, ఇంజిన్ నిలబడట్లేదట, శనివారం నువ్వే బానెట్ ఎత్తి చూస్తానన్నావట. విన్నప్పట్నుంచీ ఒక పక్క సంతోషం, ఇంకో పక్క గుండెల్లో రాయి. బండి మాత్రం మంచిదే చూసి కొన్నావు. ఆ 4.9 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్ 1965 నుంచి 1996 దాకా ఎఫ్ సిరీస్ బళ్లలో వచ్చింది. చేతులు పెట్టడానికి చోటుంటుంది. పని నేర్చుకునేవాడికి అంతకంటే ఏం కావాలి.

ముందు నా భయం చెప్పనీ. ఓహాయోలో ఇప్పుడు ఎముకలు కొరికే చలి. అందుకని గ్యారేజీ తలుపు దించుకుని ఇంజిన్ స్టార్ట్ చేశావంటే ఊరుకోను. సగం ఎత్తితే చాల్లే అనుకోకు, బండిని పూర్తిగా బయటికి తీసుకుపో. మంట సరిగ్గా లేని పాత ఇంజిన్ కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ వదుల్తుంది. దానికి వాసనుండదు. తలనొప్పి తెలిసేసరికి కాళ్లలో బలం పోతుంది. పార్కింగ్ బ్రేకు లాగి, వెనక చక్రాలకు అటూ ఇటూ చెక్క దిమ్మలు పెట్టు. స్వెట్టర్ తాళ్లు లోపలికి దోపుకో, ఫ్యాన్‌కి కళ్లుండవు.

ఇక పని. స్పార్క్ ప్లగ్గుల గ్యాప్ 0.044 అంగుళం. బ్యాటరీ టెర్మినల్స్ తోము. పీసీవీ వాల్వు (ఇంజిన్ లోపలి ఆవిర్లను మళ్లీ గాలి దారిలోకి పంపేది) ఊపితే గలగలలాడాలి, లేకపోతే కొత్తది వెయ్యి, కొద్ది డాలర్లే. ఎయిర్ ఫిల్టర్ సంగతి నేను చెప్పక్కర్లేదు.

తర్వాత కంప్యూటర్ ఏమంటోందో విను. ఇంజిన్ బేలో టెస్ట్ కనెక్టరు, దాని పక్కనే ఒంటి వైరు కనెక్టరు ఉంటాయి. పెద్దదాంట్లో సిగ్నల్ రిటర్న్ పిన్నుకీ ఒంటి వైరుకీ చిన్న వైరు ముక్క కలిపి, తాళం ఆన్ చెయ్యి, స్టార్ట్ చెయ్యకు. చెక్ ఇంజిన్ లైటు కొట్టే మిణుకులు లెక్కపెట్టి కాగితం మీద రాసుకో. 11 అంటే, ఒక మిణుకు, కాస్త ఆగి ఇంకో మిణుకు, అంతా బాగుందని. ఆ తర్వాత ఇంజిన్ పూర్తిగా వేడెక్కించి ఆపి, మళ్లీ అదే వైరు పెట్టి ఈసారి స్టార్ట్ చెయ్యి. మొదట మూడు మిణుకులు వస్తే అది కోడు కాదు, సగం లెక్కలో ఆరు సిలిండర్లని చెప్పడం. ఇంజిన్ నడుస్తుండగా 12 వస్తే కంప్యూటర్ స్లో పెంచబోయి పెంచలేకపోయిందని, 13 వస్తే తగ్గించలేకపోయిందని. ఈ రెండిట్లో ఏదొచ్చిందన్న దాన్నిబట్టే నువ్వు ఏ దారి పట్టాలో తేలుతుంది.

13 వస్తే, స్లో ఎక్కువుంటే, ముందు గాలి దొంగను వెతుకు. నీ బండికి గాలిని కొలిచే మీటరు లేదు. గాలి లోపలికి పోయే మానిఫోల్డ్‌లో ఒత్తిడిని మ్యాప్ సెన్సర్ చూసి చెబితే, దాన్నిబట్టి కంప్యూటర్ పెట్రోలు పోస్తుంది. ఎక్కడో గొట్టం పగిలి గాలి దూరితే ఒత్తిడి పెరుగుతుంది, దానికి తగ్గట్టు పెట్రోలూ పెరుగుతుంది. అందుకే ఈ బళ్లలో లీకుంటే ఇంజిన్ నీరసపడేకంటే రంకెలెయ్యడమే ఎక్కువ. వేడికి పెళుసెక్కిన సన్న ప్లాస్టిక్ గొట్టాలు, వాటి చివర రబ్బరు మూతులు, బ్రేక్ బూస్టర్ గొట్టం చూడు. కాఫీ డబ్బాలా ఉండే వ్యాక్యూమ్ రిజర్వాయరు అడుగున తుప్పు పట్టి చిల్లు పడుతుంది, దాన్ని తిప్పి చూడు. వ్యాక్యూమ్ గేజి పెడితే స్లోలో 17 నుంచి 21 అంగుళాల (పాదరసం లెక్క) మధ్య ముల్లు కదలకుండా నిలబడాలి.

లీకు పట్టడానికి మంటంటుకునే కార్బ్ క్లీనర్ స్ప్రే కొట్టమని ఎవరైనా చెబుతారు. ఈ ఇంజిన్‌కి ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ ఒకే పక్కన, ఒకదాని కింద ఒకటి ఉంటాయి. నువ్వు పైన కొట్టింది కారి ఎర్రగా కాలే ఇనుము మీద పడుతుంది. వద్దమ్మా. రెండడుగుల రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని రెండో కొస తిప్పుతూ వెతుకు, బుస్సుమనే చోటు దొరుకుతుంది.

12 వస్తేనో, స్లో పడిపోయి ఆగిపోతుంటేనో, థ్రాటిల్ బాడీ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే రేకు ఉండేది) మీద ఐఏసీ వాల్వు, అంటే స్లోలో గాలిని ఎక్కువతక్కువ చేసేది, చూడు. బోల్టులు రెండే. మసి పట్టి బిగుసుకుంటుంది. విప్పి, మోటారు వైపు తడవకుండా రంధ్రాల వైపు కిందికి పట్టుకుని కడుగు, గ్యాస్కెట్ కొత్తది వెయ్యి. మీటరు పెడితే 7 నుంచి 13 ఓములు చూపాలి. థ్రాటిల్ బాడీ మీద కడగొద్దని స్టిక్కరుంటే లోపలి పూత రుద్దకు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నా. థ్రాటిల్ ఆనే చోట చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని చూడగానే నీ చెయ్యి దురదెడుతుంది, నాకు తెలుసు. అంబాసిడర్, పద్మినీ కార్ల రోజుల్లో కార్బరేటర్‌కి స్లో స్క్రూ అని ఉండేది. మెకానిక్ చెవొగ్గి పావు తిప్పు తిప్పితే ఇంజిన్ పిల్లిలా గుర్రుమనేది. ఆ కాలపు చేతులన్నిటికీ ఆ అలవాటు పోలేదు. స్లో తగ్గిందా, స్క్రూ తిప్పు. నీ బండిలో అది స్లో పెట్టే స్క్రూ కాదు. రేకు గోడకి ఇరుక్కోకుండా ఆపే ఆనిక, అంతే. స్లో చూసుకునేది ఐఏసీ.

తిప్పితే ఏమవుతుందో విను. రేకు కాస్త తెరుచుకుని గాలి ఎక్కువవుతుంది, ఐఏసీ తన వంతు మూసుకుంటూ పోయి ఇక మూసుకోడానికేమీ లేని చోట ఆగిపోతుంది. రేకు ఎంత తెరుచుకుందో కంప్యూటర్‌కి చెప్పే టీపీఎస్ సెన్సర్ ఓల్టేజీ పైకి పోతుంది. రేకు మూసి ఉండగా అది 1 ఓల్టుకి లోపే ఉండాలి. ఆ రోజుకి ఇంజిన్ బాగానే ఆడుతుంది, నువ్వు సంబరపడతావు. అసలు రోగం, మసి పట్టిన ఐఏసీయో పగిలిన గొట్టమో, లోపల అలాగే ఉంటుంది. రెండు వారాలకి కాలు తీసినా వేగం దిగదు. నీది ఆటోమేటిక్. ఆ వేగంలో డ్రైవ్‌లోకి వేస్తే బండి ముందుకి ఎగురుతుంది. డ్రైవ్‌వేలో పిల్లలు సైకిళ్లు తొక్కుతుంటారని మీ అమ్మే అంది. నాకు నిద్ర పట్టనిది అందుకే.

నీకంటే ముందు బండి నడిపినవాడు ఇప్పటికే తిప్పి ఉండొచ్చు. స్క్రూ తలకి గీతలు పడ్డాయా, పెయింటు లేచిందా చూడు. తిప్పి ఉంటే రేకు పూర్తిగా మూసుకునేదాకా వెనక్కి తియ్యి, మెల్లగా తగిలే చోటికి తెచ్చి అక్కణ్నుంచి అర తిప్పు బిగించు. బ్యాటరీ నెగటివ్ పదిహేను నిమిషాలు విప్పి పెట్టి, బిగించాక కాస్త దూరం నడుపు, కంప్యూటర్ మళ్లీ నేర్చుకోవాలి. ఆ తర్వాత వేడెక్కిన ఇంజిన్ మీద ఐఏసీ వైరు ప్లగ్గు లాగితే వేగం ఠక్కున పడాలి, ఆగిపోయినా మంచిదే. ఏ మార్పూ లేకపోతే ఐఏసీ అన్నా బిగుసుకుంది, గాలన్నా ఇంకో దారిన వస్తోంది.

ఇవన్నీ బాగుండి కూడా మిస్సింగ్ ఆగకపోతే ఈజీఆర్ వాల్వు (కొంత పొగను మళ్లీ ఇంజిన్‌లోకి పంపేది) చూడు, స్లోలో దాని గొట్టంలో వ్యాక్యూమ్ ఉండకూడదు. ఇంధన ప్రెషర్ 45 నుంచి 60 పీఎస్ఐ. ఆ ప్రెషర్ రెగ్యులేటర్ వ్యాక్యూమ్ గొట్టం లాగినప్పుడు పెట్రోలు తడి కనిపిస్తే లోపలి పొర, డయాఫ్రం, చిరిగిందని. స్పార్క్ టైమింగ్ పట్టేముందు, కంప్యూటర్ దాన్ని మార్చకుండా స్పౌట్ కనెక్టర్ లాగాలి, అప్పుడు 10 డిగ్రీలు. అది ఈ శనివారం ముట్టుకోకు.

ఐఏసీ ముందే కొని పెట్టుకున్నావటగా, డబ్బా తెరవకు, కోడ్లు చూశాక అక్కర్లేదని తేలితే తిరిగిచ్చేద్దువు. రాసుకున్న కాగితం ఫొటో తీసి నాకు పంపు. ఇంజిన్ ఆపి, చేతులు కడుక్కుని ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా పర్లేదు.

మీ మావయ్య