పేతురు చేసింది ద్రోహమా, బొంకా?

సందేహం: మా చర్చిలో గుడ్ ఫ్రైడేకి వేసే నాటిక నేను రాస్తున్నాను. యేసు శిష్యుల్లో ఇస్కరియోతు యూదా చేసినదాన్నీ (ఆయన్ని పట్టివ్వడం) పేతురు చేసినదాన్నీ (ఆయన్ని ఎరగననడం) కూడా 'నమ్మకద్రోహం' అని రాశాను. పేతురు విషయంలో ఆ మాట కూడదని మా సంఘపెద్ద ఒకాయన అన్నారు. అసలు యూదా గురించి కూడా బైబిల్లో 'అప్పగించెను' అనే ఉంది కదా, ద్రోహం ఎక్కడుంది అని ఇంకొకరు అడ్డుపడ్డారు. విశ్వాసఘాతుకం, వెన్నుపోటు అనే మాటలు కూడా ఉన్నాయాయె. ఏది ఎవరికి వాడాలి?

సమాధానం: మీ సంఘపెద్ద చెప్పిందే సరి. రెండో ఆయన మాట సగమే సరి.

ముందు పేతురు సంగతి. ద్రోహం చెయ్యాలంటే కాస్త ముందాలోచన కావాలి. యూదాకి అది ఉంది: ప్రధాన యాజకుల దగ్గరికి తనే వెళ్లాడు, యేసుని అప్పగిస్తే నాకేమిస్తారని అడిగాడు, ముప్పై వెండి నాణేలు తూచి ఇస్తే పుచ్చుకున్నాడు, చీకట్లో మనిషిని పోల్చుకోవడానికి ముద్దును గుర్తుగా పెట్టాడు. పైగా శిష్యులందరి డబ్బు సంచీ ఉండేది ఇతని చేతిలోనే. నమ్మి సంచీ ఇచ్చినవాళ్లకి చేసిన పని కాబట్టి 'నమ్మకద్రోహం' ఇతనికి అచ్చంగా అతుకుతుంది. (నమ్మకం తెలుగు మాట, ద్రోహం సంస్కృతం, రెండూ కలపొచ్చా అని ఎవరైనా అడిగితే అది మిశ్ర సమాసమనీ, బాలవ్యాకరణం ఒప్పుకున్న రకమేననీ చెప్పండి.) పేతురుకి ఇవేవీ లేవు. అతనికి ఎవరూ డబ్బివ్వలేదు. పట్టుకోవడానికి వచ్చినవాళ్ల మీద కత్తి దూసినవాడూ అతనే, శిష్యులందరూ ఆయన్ని విడిచి పారిపోయాక కూడా దూరదూరంగా వెనకే నడిచి ప్రధాన యాజకుడి ఇంటి ముంగిట దాకా వెళ్లినవాడూ అతనే. అక్కడ మంట దగ్గర చలి కాచుకుంటుంటే ఒక పనిపిల్ల, నువ్వు కూడా ఆయనతో ఉన్నవాడివే కదా అనేసరికి గుండె జారిపోయింది. ఆ మనిషిని ఎరగనన్నాడు. మళ్లీ అడిగితే ఒట్టు పెట్టుకున్నాడు, మూడోసారికి తనను తాను శపించుకోవడం కూడా మొదలుపెట్టాడు.

దీనికి మన చర్చిల్లో తరతరాలుగా వాడుతున్న మాట 'బొంకు', అది చాలా మంచి మాట. అబద్ధాన్ని ఆడాలి లేదా చెప్పాలి, బొంకు అయితే తనే క్రియ: బొంకాడు, బొంకేశాడు. ఒకటి బొంకినవాడు దాన్ని నిలబెట్టుకోవడానికి ఇంకా పెద్దది బొంకుతాడు. 'బొంకరా బొంకరా పోలిగా అంటే టంగుటూరి మిరియాలు తాటికాయలంత' అన్న సామెతలో పోలిగాడు సరదాకి బొంకాడు, పేతురు భయంతో బొంకాడు, అంతే తేడా.

ఇక 'అప్పగించెను'. ఇది మెత్తటి మాట అనీ, అనువాదకులు మొహమాటపడ్డారనీ చాలామంది అనుకుంటారు. కాదు. గ్రీకు మూలంలో ఉన్న పారదిదోమి అనే క్రియకి అర్థం చేతికివ్వడం, అప్పగించడం, అంతే. అందులో మంచీ లేదు, చెడూ లేదు. మన తెలుగు మాటా అంతే కదా: దొంగని పోలీసులకి అప్పగిస్తాం, ఆఫీసులో చార్జి అప్పగిస్తాం, పెళ్లయ్యాక అమ్మాయిని అత్తారికి అప్పగిస్తూ ఏడుస్తాం. మత్తయి సువార్తలో చూడండి: యూదా యేసును యాజకులకి అప్పగించాడు, వాళ్లు రోమా అధిపతి పిలాతుకి అప్పగించారు, పిలాతు సిలువ వేయడానికి అప్పగించాడు. గ్రీకులో మూడు చోట్లా అదే క్రియ. రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయంలో దేవుడు తన సొంత కుమారుణ్ణి 'మనయందరికొరకు' అప్పగించాడని పౌలు రాసినప్పుడూ అదే. ఇంగ్లీషు బైబిళ్లలో యూదా దగ్గర ఒక మాట, మిగతా వాళ్ల దగ్గర ఇంకో మాట పడి ఈ గొలుసు తెగిపోతుంది. తెలుగులో తెగలేదు. నన్నడిగితే ఈ ఒక్క చోట మన పాత అనువాదకులకి దణ్ణం పెట్టాలి. యూదా చేసినది పాపం కాదని దీని అర్థం కాదులెండి. 'నేను నిరపరాధరక్తమును అప్పగించి పాపము చేసితిని' అని అతనే ఒప్పుకున్నాడు. లూకా ఆరో అధ్యాయంలో పన్నెండుమంది పేర్లు చెప్తూ ఇతని దగ్గరికొచ్చేసరికి ద్రోహి అనే మాట సూటిగానే వాడారు. కాబట్టి ద్రోహం అని లేదన్న రెండో ఆయనకి ఆ వచనం చూపించండి.

వ్యాకరణం కూడా ఒక్క ముక్క. మోసం ఒకర్ని చేస్తాం, ద్రోహం ఒకరికి చేస్తాం. 'యేసుని ద్రోహం చేశాడు' అని రాయకండి, ఈమధ్య టీవీల్లో కూడా వినబడుతోంది. మోసపోవడం ఉంది కానీ ద్రోహపోవడం లేదు. తర్వాత అంతియొకయ పట్టణంలో పేతురు మళ్లీ జారాడు కదా, అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్లతో, కలిసి భోంచేస్తూ, యెరూషలేము సంఘపెద్ద యాకోబు దగ్గర్నుంచి మనుషులు రాగానే భయపడి పక్కకి తప్పుకున్నాడు. ఆ సందర్భంలో పౌలు తోటి సేవకుడు బర్నబా కూడా వారి వేషధారణ చేత 'మోసపోయెను' అని గలతీ పత్రికలో ఉంది. అది వేషధారణే, ద్రోహం కాదు. పౌలు కూడా ముఖం మీదే నిలదీశాడు తప్ప ద్రోహి అనలేదు.

'విశ్వాసఘాతుకం' నాటికలో వద్దు. మామూలు తెలుగులో విశ్వాసమంటే తిన్నింటి మీద ఉండేది, కుక్కకి ఉంటుందంటామే, అది. చర్చి తెలుగులో విశ్వాసమంటే దేవుడి మీద నమ్మిక. వినేవాళ్లు విశ్వాసభ్రష్టత్వంతో, అంటే దేవుణ్ణి నమ్మడమే మానెయ్యడంతో, కలిపేసుకుంటారు, అది వేరే నేరం. పేతురు విషయంలో మరీ తప్పవుతుంది, ఎందుకంటే నీ నమ్మిక తప్పిపోకుండా వేడుకున్నానని యేసు అతనితో ముందే అన్నాడు. వెన్నుపోటు సంగతి, అది మన రాజకీయాల్లో నలిగి నలిగి ఇప్పుడు వింటే నవ్వొస్తుంది. పైగా యూదా వెనకనుంచి రాలేదు, ఎదురుగా వచ్చి ముద్దు పెట్టుకున్నాడు.

అడగలేదు కానీ ఇంకొకటి: 'యూదు ద్రోహం' అని రాసేరు సుమా, జాగ్రత్త. యూదా వ్యక్తి పేరు, యూదులు ఒక జాతి. ఆ పన్నెండుమందీ యూదులే, అప్పగించబడినాయనా యూదుడే. శిష్యుల్లోనే ఇంకో యూదా ఉన్నాడు కాబట్టే యోహాను 'ఇస్కరియోతు కాని యూదా' అని విడమరిచి చెప్పాల్సొచ్చింది.

డైలాగుల్లో అయితే 'అప్పగించెను' కన్నా 'పట్టిచ్చాడు' బాగా పలుకుతుంది. ఈ మాట పేతురు ఘట్టంలోనూ పనికొస్తుంది, మూడోసారి అతన్ని పట్టిచ్చింది మనిషి కాదు, అతని సొంత ప్రాంతమైన గలిలయ యాస: 'నీ పలుకు నిన్నుగూర్చి సాక్ష్యమిచ్చుచున్నది' అన్నారు అక్కడ నిలబడ్డవాళ్లు. అందుకని పేతురు వేషం వేసే అబ్బాయిచేత పుస్తకాల భాష మాట్లాడించకండి. మిగతావాళ్లది ఒక తీరు, అతనిది వాళ్ల ఊరి యాస, అలా రాయండి.