చవక పుస్తకంలో తప్పులు క్షమించాలా?

ప్రశ్న: రచయిత సొంతంగా వేసుకున్న ఓ ఈ-బుక్ చాలా చవకగా వచ్చిందని కొన్నాను. పేజీకి రెండు మూడు అచ్చుతప్పులు! ఆ ధరకు అంతేనని సర్దుకోవాలా?

జవాబు: మొత్తం పుస్తకంలో అయిదారు తప్పులుంటే నేనైతే పట్టించుకోను. పెద్ద సంస్థల పుస్తకాల్లోనూ అవి ఉంటాయి. పేజీకి మూడంటే మాత్రం ఎవరూ దిద్దలేదనే అర్థం. డబ్బు తక్కువే పెట్టినా, మీ సమయం చవక కాదు కదా.

రచయిత పక్షాన ఒక మాట. నా మొదటి పుస్తకం నేనే నాలుగుసార్లు దిద్దుకున్నాను. అయినా ‘ముఖంలో కళ లేదు’ అన్నది ‘కల లేదు’ అనే అచ్చయింది. రెండూ సరైన మాటలే కాబట్టి స్పెల్ చెకర్ పట్టుకోలేదు. ఇక నా కళ్లంటారా, రాయాలనుకున్నదే చదివాయి, రాసింది కాదు! ఇప్పుడు పైకి చదువుతూ దిద్దుతాను, ఆ తర్వాత వేరేవాళ్లకు ఇస్తాను.

ఈ-బుక్‌ను సరిచేసి మళ్లీ ఎక్కించడం తేలికే. రచయితకు రాయండి. ఫాంట్ సైజు మారిస్తే పేజీ నంబర్లు మారిపోతాయి, అందుకని తప్పున్న వాక్యమే పంపండి. రివ్యూ రాస్తే కథ గురించి వేరుగా, తప్పుల గురించి వేరుగా చెప్పండి.