హాస్టల్లో మా వాణ్ని ఎవరు చూసుకుంటరు?

ప్రశ్న: తాటి ముంజల కోసం చెట్టెక్కి పడి మా బాబుకు వెన్నుపూస విరిగింది. నడుము కింద స్పర్శ లేదు, చేతులు బాగనే ఉన్నయి. వీల్‌చైర్ మీదనే ఇంటర్ పాసైండు. నల్లగొండల డిగ్రీ సీటొచ్చింది. మా ఊరి పిల్లగాడు అదే హాస్టల్ల ఉంటడు. "నేను చూసుకుంట గద పెద్దమ్మా" అంటున్నడు. అయినా పైసలిచ్చి మనిషిని పెట్టాల్నా?
– ఒక తల్లి, దేవరకొండ

జవాబు: పెట్టాలమ్మా. కానీ రోజంతా అవసరం లేదు.

ముందుగా మీ అబ్బాయి రోజు ఎలా గడుస్తుందో గంటల లెక్కన కాగితం మీద రాయించండి. మీరు రాయొద్దు, అతనే రాయాలి. పొద్దున మంచం మీంచి కమోడ్ కుర్చీలోకి మారడం, దొడ్డికి అయ్యేదాకా ముప్పావు గంట, స్నానం, బట్టలు... ఇదంతా సుమారు రెండు గంటల పని. రాత్రి మంచమెక్కించి ఒళ్లు చూడటానికి ఇంకో గంట. ఈ మూడు గంటలకు జీతమిచ్చి మనిషిని పెట్టుకోండి. మూత్రం సంగతంటారా, చేతులు పనిచేస్తున్నాయి కాబట్టి నాలుగు నుంచి ఆరు గంటలకోసారి కెథెటర్ (మూత్రం తీసే సన్నటి గొట్టం) పెట్టి తీసుకోవడం ఆసుపత్రిలో నేర్పిస్తే అతనే చేసుకోగలడు. దానికి కావలసింది వీల్‌చైర్ పట్టే టాయిలెట్. చేరకముందే టేపు తీసుకెళ్లి తలుపు కొలవండి, తలుపు తీసినప్పుడు దారి ఖాళీగా 90 సెంటీమీటర్లు ఉండాలి. "మా దగ్గర ర్యాంప్ ఉంది" అని కాలేజీవాళ్లు చెప్పే మాట ఒక్కటే నమ్ముకుని చేరితే టాయిలెట్ గడప దగ్గరే చక్రం ఆగిపోతుంది.

ఆ ఊరి పిల్లగాడిది మంచి మనసే. పుస్తకాలు తేవడం, మెస్‌లో పళ్లెం పట్టుకురావడం అతనికి వదిలేయండి. దొడ్డీ స్నానం మాత్రం అతని మీద వేయొద్దు. ఇద్దరికీ పరీక్షలు ఒకే రోజు వస్తాయి, ఇద్దరికీ జ్వరమూ రావొచ్చు. పైగా మొహమాటం కొద్దీ మీ వాడు "ఇవాళ స్నానం వద్దులే" అనడం మొదలుపెడతాడు. స్పర్శ లేని ఒంటి మీద ఒకేచోట బరువు ఆని వచ్చే పుండ్లకు దారి అక్కడే పడుతుంది.

పుండ్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. రోజూ రాత్రి తోక ఎముక, పిరుదులు, తుంటి పక్కలు, మడమలు చూడాలి. ఎర్రమచ్చను వేలితో నొక్కి వదిలినప్పుడు తెల్లబడకుండా ఎర్రగానే ఉంటే పుండు మొదలైనట్టే. మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు సరిగా కనబడదు, అందుకే చేతి వెనకవైపుతో తాకి పక్క చర్మం కన్నా వేడిగా, గట్టిగా ఉందేమో చూడమనండి. అలా ఉంటే ఆ చోటు మామూలయ్యేదాకా దాని మీద బరువు పడనీయొద్దు, క్లాసులు పోయినా సరే. కుర్చీలో ఉన్నప్పుడు అరగంటకోసారైనా ముందుకో పక్కకో వంగి ఒకటి రెండు నిమిషాలు బరువు తప్పించాలి. రాత్రి పక్క మార్చడం మామూలుగా రెండు గంటలకోసారి. మీ వాడు చేతులతో మంచం కమ్మీ పట్టుకుని తానే తిరగగలిగితే మనిషి అక్కర్లేదు, ఫోన్లో అలారం చాలు.

పెట్టుకున్న మనిషిని హాస్టల్‌కు పంపే ముందు ఒక వారం మీ ఇంట్లోనే పని చేయించండి. అతను రాని రోజుకు ఇంకో మనిషికి కూడా ఈ పని చూపించి ఉంచండి. జీతం మీ అబ్బాయి చేతి మీదుగానే ఇప్పించండి. డబ్బు మీరిస్తే ఆ మనిషి మీ మాటే వింటాడు, బాబు మాట వినడు.

ప్రశ్న: నాకు కండరాల క్షీణత. మహబూబ్‌నగర్‌లో పీజీ చదువుతున్నాను. కాళ్ల మీద కొంచెం నిలబడగలను. సాయానికి పెట్టుకున్న అక్క చంకల్లో చేతులు వేసి లేపుతోంది. భుజాలు విపరీతంగా నొప్పి.
– విద్యార్థిని, జడ్చర్ల

జవాబు: ఆ పద్ధతి ఇవాళే మాన్పించండి. మీ జబ్బులో భుజం కండరాలు కూడా బలహీనంగా ఉంటాయి, చంకల్లో పట్టి లాగితే కీలు జారే ప్రమాదం ఉంది. కుర్చీని మంచానికి కొంచెం ఏటవాలుగా ఆనించి, రెండు బ్రేకులూ వేసి, ఫుట్‌రెస్టులు పక్కకు తిప్పమనండి. మీరు సీటు అంచుకు జరిగి పాదాలు నేలకు ఆనించండి. నడుముకు వెడల్పాటి ట్రాన్స్‌ఫర్ బెల్టు కట్టాలి, అక్క పట్టుకోవాల్సింది ఆ బెల్టును. ఆమె మోకాళ్లు వంచి, మీ మోకాళ్లకు తన మోకాళ్లు అడ్డుపెట్టి, "ఒకటి, రెండు, లే" అని లెక్కపెట్టి లేపాలి. లెక్క మీరు పెడితే ఇంకా మంచిది. చున్నీని బెల్టులా కట్టొద్దు, ముడి జారుతుంది. కాళ్లు బరువు ఆపలేని రోజున ఒక్కరితో ఈ పని చేయించుకోకండి, ఇద్దరుండాలి.

ప్రశ్న: మా కాలేజీలో చేరిన విద్యార్థి అటెండెంట్‌ను వెంట తెస్తానంటున్నాడు. క్లాసులోకి, పరీక్ష హాల్లోకి రానివ్వవచ్చా?
– అధ్యాపకుడు, వనపర్తి

జవాబు: మన దగ్గర అటెండర్ అంటే ఫైళ్లు మోసే ఆయనే గుర్తొస్తాడు, చిక్కంతా అక్కడే. ఈ మనిషి కాలేజీ సిబ్బందిలోకి రాడు, విద్యార్థికి చేతులూ కాళ్లూ అతనే. వికలాంగుల హక్కుల చట్టం 2016లోని 38వ సెక్షన్ ప్రకారం, ఎక్కువ సాయం అవసరమైన వ్యక్తి దానికోసం దరఖాస్తు చేసుకోవచ్చు, అసెస్‌మెంట్ బోర్డు పరిశీలిస్తుంది. ఆ బోర్డు కాగితం వచ్చేదాకా విద్యార్థిని బయట నిలబెట్టకండి. అటెండెంట్‌కు ఫొటో ఉన్న గుర్తింపు కార్డు ఇవ్వండి, గేటు దగ్గర రోజూ గొడవ తప్పుతుంది. క్లాసులో నోట్సు రాయడం, పాఠం మీద మాట్లాడటం అతని పని కాదు. మీరు కూడా "వీడు భోంచేశాడా?" అని అతణ్ని అడగొద్దు, విద్యార్థినే అడగండి.

పరీక్షలో రాసిపెట్టే మనిషి వేరు, ఇతను వేరు. రాసిపెట్టే మనిషి సాయానికి అర్హత ఉన్న విద్యార్థికి కేంద్రం మార్గదర్శకాల ప్రకారం గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఉంటుంది. అటెండెంట్‌ను హాలు బయట కుర్చీలో కూర్చోబెట్టి, పిలిచినప్పుడు ఇన్విజిలేటర్ ఎదుట లోపలికి రమ్మంటే సరిపోతుంది.

ప్రశ్న: మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్న విద్యార్థికి సాయంగా ఉంటున్నాను. ఒక్కోసారి హఠాత్తుగా తలనొప్పంటాడు, ముఖం ఎర్రబడి చెమటలు పడతాయి. పడుకోబెడుతున్నాను. సరైనదేనా?
– అటెండెంట్, మిర్యాలగూడ

జవాబు: కాదు. వెన్నుపాము రొమ్ము భాగంలో ఆరో వెన్నుపూస స్థాయిలో గానీ, మెడతో సహా అంతకు పైన ఎక్కడైనా గానీ దెబ్బతిన్నవారికి బీపీ ఇలా ఒక్కసారిగా పైకి పోతుంది. పడుకోబెడితే ఇంకా పెరుగుతుంది. నిటారుగా కూర్చోబెట్టి కాళ్లు కిందికి వేలాడదీయండి, బెల్టు, బూట్లు, బిగుతు బట్టలు వదులు చేయండి. తర్వాత మూత్రం గొట్టం చూడండి. ఎక్కువసార్లు కారణం అదే. గొట్టం మడత పడి ఉంటుంది, తొడ కింద నలిగి ఉంటుంది, లేదా సంచి నిండిపోయి ఉంటుంది. సంచి ఎప్పుడూ పొత్తికడుపు కన్నా కిందే ఉండాలి, మూడింట రెండు వంతులు నిండగానే ఖాళీ చేయాలి. గొట్టం సరిచేసినా కొన్ని నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేసి, వెన్నుపాము దెబ్బ సంగతి మొదటి మాటగానే చెప్పండి.