ఏడాది ఆగి రమ్మన్నారు, నిద్ర పట్టడం లేదు

ప్రశ్న: నా వయసు 36. గర్భాశయ ముఖద్వారానికి చేసే పాప్ పరీక్షలో తేడా ఉందని కాల్పోస్కోపీ (ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో పరీక్ష), బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) చేశారు. ‘సీఐఎన్ 1, హెచ్‌పీవీ పాజిటివ్’ అని వచ్చింది. మందులేమీ ఇవ్వకుండా ఏడాది తర్వాత రమ్మన్నారు. రాత్రిళ్లు ఫోన్లో దాని గురించే వెతుకుతున్నాను. మావారి మీద అనుమానం మొదలైంది. ఆయన దగ్గరికొస్తేనే భయమేస్తోంది.

సలహా: ముందు అనుమానం సంగతి చూద్దాం. మిమ్మల్ని లోలోపల తినేస్తున్నది అదేననిపిస్తోంది. హెచ్‌పీవీ అనేది కలయిక ద్వారా సోకే వైరస్. అది ఏళ్ల తరబడి ఒంట్లో అలికిడి లేకుండా ఉండి, తర్వాతెప్పుడో పరీక్షలో బయటపడొచ్చు. ఎవరి నుంచి ఎప్పుడు వచ్చిందో తేల్చే పరీక్షే లేదు. లైంగిక జీవితం ఉన్నవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకేదే. ఈ రిపోర్టు పట్టుకుని ఆయన్నిగానీ మిమ్మల్నిగానీ దోషిగా నిలబెట్టకండి.

సీఐఎన్ 1 అంటే గర్భాశయ ముఖద్వారం కణాల్లో వచ్చిన స్వల్ప మార్పు, క్యాన్సర్ కాదు. ఎక్కువమందిలో ఏడాది, రెండేళ్లలో శరీరమే వైరస్‌ను అణచేస్తుంది, కణాలు మామూలు స్థితికొస్తాయి. తొందరపడి మార్పు వచ్చిన భాగం తీసేస్తే అక్కర్లేని చికిత్స అవుతుంది. దానివల్ల ఇకముందు గర్భం వస్తే నెలలు నిండకుండా కాన్పయ్యే ముప్పు కొంత పెరగొచ్చు. అందుకే ఆగమన్నారు, మిమ్మల్ని పట్టించుకోక కాదు. రోగనిరోధక శక్తి బాగున్నవాళ్లలో ఇలాంటి మార్పులు క్యాన్సర్‌ దాకా వెళ్లాలంటే సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. అయితే భయంతో ఆ తేదీకి వెళ్లకుండా ఉండిపోయేవాళ్లున్నారు. నా బెంగంతా దాని గురించే.

ఫోన్లో వెతకడం పగలు పావుగంటతో ఆపండి. రాత్రి తోచిన ప్రశ్న కాగితం మీద రాసి పక్కన పెట్టండి. డాక్టర్ని ఇవి అడగండి: నాది క్యాన్సర్ ముప్పు ఎక్కువుండే హెచ్‌పీవీ 16, 18 రకమా? వచ్చేసారి ఏయే పరీక్షలు? ఫలితం ఎన్ని రోజుల్లో, ఎవరు చెబుతారు? పరీక్షకు లోపల పెట్టే పరికరం (స్పెక్యులమ్) చిన్నది వాడమని, చెయ్యెత్తితే ఆపమని ముందే చెప్పొచ్చు. మళ్లీ బయాప్సీ చేస్తే కాఫీపొడిలాంటి ముదురు స్రావం కనిపించి హడలగొడుతుంది. రక్తం ఆగడానికి పూసే మందు వల్ల వచ్చేదే అది. జ్వరం, దుర్వాసన, బహిష్టు కంటే ఎక్కువ రక్తస్రావం ఉంటే మాత్రం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

బయాప్సీ పుండు మానాక కలయిక వల్ల ఇది క్యాన్సర్‌గా మారిపోదు. కండోమ్ ధైర్యాన్నిస్తుందంటే వాడండి. ఆయనతో ఇంతే చెప్పండి: “క్యాన్సర్ కాదు, ఏడాదికి మళ్లీ చూపించుకోవాలి. నాకు భయంగా ఉంది, ఆ రోజు తోడు రండి.”

ఇంత చేసినా రెండు వారాల్లో నిద్ర, ఆకలి కుదుటపడకపోతే, ఏడాది గడిచేదాకా ఆగకుండా మానసిక వైద్యుల్ని కలవండి.