సంఘంలో కౌన్సెలింగ్ మొదలుపెట్టాలంటే ముందు ఏం చూసుకోవాలి?

వందనాలండీ. కందుకూరు దగ్గర మీ పల్లె సంఘంలో కాపురం గొడవలు, తాగుడు, దిగులుతో వచ్చేవాళ్ల కోసం కౌన్సెలింగ్ పెట్టాలని పాస్టర్ గారు అంటున్నారు, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. ఒంగోలులో మా సంఘంలో ఈ పని నేను చూస్తున్నాను. నర్సుగా రిటైరయ్యాను కదా అని నాకు అప్పజెప్పారు.

శిక్షణ సంగతి తర్వాత. ముందు మాట బయటికి పొక్కకుండా చూసుకోండి. మన దగ్గర గుట్టు రట్టయ్యేది ఎక్కువగా ప్రార్థనలోనే. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఒకామె లేచి, "మన సహోదరి ఒకరి కాపురంలో సమాధానం కోసం ప్రార్థించండి" అంటుంది. పేరు చెప్పదు. "పాపం, మళ్లీ నీళ్లోసుకుంది కూడా" అని ఒక్క ముక్క కలుపుతుంది. పొద్దుగూకేసరికి పాలకేంద్రం దగ్గర ఆ మొగుడి చెవిన పడుతుంది. ఆ రాత్రి ఆ పిల్ల గతి ఏమిటి? అందుకే మా దగ్గర విన్నది ప్రార్థన మనవిగా కూడా ఎత్తకూడదు. పాస్టర్ గారికి చెప్పాలన్నా ఆ మనిషిని అడిగాకే.

ఆదివారం ఆరాధన అయ్యాక పెట్టకండి, ఎవరు లోపలికి వెళ్తున్నారో అందరూ చూస్తారు. మేం కుట్టు క్లాసు జరిగే మధ్యాహ్నం, జంపఖానాలూ మైకు సెట్టూ పెట్టే గదిలో కూర్చుంటాం. కుట్టుకి వచ్చినట్టే వస్తారు. మగవాళ్లు ఇలా రారు. రిటైర్డ్ హెడ్మాస్టరు గారొకరు టీ బంకు దాకా నడుస్తూ వాళ్లతో మాట్లాడతారు. పొగాకు రేటు పడిపోయిన ఏడు ఆయనకే పని ఎక్కువ.

అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర కాలంలో, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న ప్రాంతం మనది. పెద్ద కూడికలు మనకు కొత్త కాదు. ఒక్క మనిషి ఎదురుగా కూర్చుని వినడమే అలవాటు లేదు. మనిషి నోరు తెరవగానే వాక్యం అందుకుంటాం. చచ్చిపోవాలనుంది అంటే విశ్వాసం చాల్లేదంటాం. బైబిల్లో ఏలీయా ప్రవక్త కూడా చెట్టు కింద పడుకుని చావు కోరాడు కదా! దూత వచ్చి గద్దించలేదు, అప్పం, నీళ్లు ఇచ్చింది, మళ్లీ పడుకోనిచ్చింది. మా పెద్దలు మెత్తబడింది ఈ మాటకే.

మన చేతిలో లేనివి కొన్ని ఉంటాయి. చావు మాట ఎత్తినవాళ్లను ఒంటరిగా వదలకండి. 14416కి ఫోన్ చేయండి, అది టెలీమానస్, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు, ఏ వేళైనా. చెవిలో మాటలు వినిపిస్తున్నాయంటే నూనె రాసి ఊరుకోవద్దు, ఒంగోలు ప్రభుత్వాసుపత్రిలో (రిమ్స్) మానసిక వైద్యులకు చూపించండి. ప్రార్థన ఎటూ చేస్తాం, మాత్రలు మాన్పించొద్దు. మొగుడు కొడుతుంటే "సహించమ్మా" అనడం నాకు ఒళ్లు మంట. 2005 గృహహింస చట్టం ఉంది, ఆడవాళ్ల హెల్ప్‌లైన్ 181 ఉంది. పసిపిల్లల మీద లైంగిక అఘాయిత్యమైతే మాత్రం గుట్టు అనే మాటే లేదు. చేసినవాడు సంఘ పెద్దయినా సరే, 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. ఈ సంగతి వచ్చినవాళ్లకు ముందే చెప్పండి.

చివరగా, పాస్టరమ్మ గారే అందరినీ చూసుకుంటారని రాశారు. ఇద్దరు చిన్నపిల్లలతో ఆమె ఎన్నని మోస్తారు? ఊళ్లో ఆడవాళ్లు ఇప్పటికే ఎవరి గడప తొక్కుతున్నారో కనుక్కుని ఆవిడను అడగండి, బైబిలు అంతగా తెలియకపోయినా ఫర్వాలేదు. పాస్టరమ్మ గారికీ చెప్పుకోడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి మీ సంఘం బయటివాళ్లయితేనే మంచిది.