పులులు వాడివి, మేకలు నావి

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ‘జెన్ కాన్’ అనే బోర్డు ఆటల సంబరానికి నన్నూ రమ్మంటున్నాడు. అరవై దాటినదాన్ని, అక్కడ నాకేం పనండీ?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: నిక్షేపంగా వెళ్లండమ్మా. మా అల్లుడి బలవంతం మీద నేనూ వెళ్లాను. 1968లో విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవాలో గ్యారీ గైగాక్స్ అనే ఆటల రూపకర్త మొదలుపెట్టిన జాతర అది. 2003 నుంచి ఇండియానాపోలిస్‌లో జరుగుతోంది. జనమంటారా, సిరిమానోత్సవం నాటి మన విజయనగరమే! లోపలికి బ్యాడ్జి వేరు, చాలా ఆటలకు టికెట్టు వేరు. ఆ గొడవంతా అబ్బాయికి వదిలేయండి.

అసలు సరదా హోటల్ లాబీల్లో ఉంటుంది. రాత్రి పొద్దుపోయేదాకా ఎవరో ఒకరు ఆడుతూనే ఉంటారు. ఓ రాత్రి నేను కాగితం మీద పులిజూదం గీశాను. మూడు పులులకి మూడు పాచికలు, పదిహేను మేకలకి నా సంచిలోని వేపిన వేరుశెనగ గుళ్లు. ఎదురుగా అట్టముక్కల కవచం తొడుక్కున్న కుర్రాడు. మోకాళ్లు వంగవు పాపం, నిలబడే ఆడాడు. పులులు తనకే కావాలన్నాడు, మహా ధీమాగా. ఒక్కో గుండూ దించుకుంటూ మూడు పులుల్నీ కట్టేశాను. అయితే చంపిన మేకనల్లా నోట్లో వేసుకున్నాడు వెధవ, రెండో ఆటకి మంద చాల్లేదు! మా అల్లుడు మేమెవరో తెలీనట్టు దూరంగా నించున్నాడు.

పట్టుచీర కట్టుకోకండి. మెత్తటి బూట్లు కొనిపించుకోండి, సాయంత్రానికి కాళ్లు పీకేస్తాయి. వేరుశెనగ గుళ్లు కాస్త ఎక్కువే పట్టుకెళ్లండి.