పొట్లం విప్పే ముందు

చిరంజీవి రవికి, బాబాయి ఆశీస్సులు.

నిన్న ఫోనులో సగమే చెప్పగలిగాను, మిగతాది రాస్తున్నాను. మీ అమ్మ రొమ్ము క్యాన్సర్‌కు ముందు కీమో, తరవాత ఆపరేషన్ అని డాక్టర్లు చెప్పారు. మీ మేనమామేమో అడవి చెట్టు బెరడు పొడి ఇచ్చే చోటు ఒకటి ఉందని, నలభై రోజులు అది వాడి చూసి ఆసుపత్రి సంగతి అప్పుడు ఆలోచిద్దామని అంటున్నాడు. అంతే కదా?

ముప్పై ఏళ్ళు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పినవాణ్ణి, చెట్టును తక్కువ చేసి మాట్లాడను. మన పెరట్లోని బిళ్ళగన్నేరునే చూడు. మధుమేహం తగ్గుతుందని దాన్ని నాటువైద్యంలో వాడేవారు. కెనడా పరిశోధకులు ఆ సంగతి తేల్చుకుందామని దాని సారాన్ని ఎలుకలకు ఎక్కిస్తే, షుగర్ తగ్గలేదు గాని రక్తంలో తెల్లకణాలు పడిపోయాయి. అలా 1958లో విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందు బయటపడింది. అదే మొక్క నుంచి వచ్చిన విన్‌క్రిస్టిన్‌ను నేటికీ పిల్లల రక్త క్యాన్సర్‌కు వాడుతున్నారు. వందల కిలోల ఎండుటాకు నుంచి వచ్చేది గ్రాముల లెక్క. విన్‌క్రిస్టిన్‌ను పెద్దవాళ్ళకైనా ఒక విడతకు మామూలుగా 2 మిల్లీగ్రాములు దాటనివ్వరు, మోతాదు మించితే నరాలు దెబ్బతింటాయి. అదే ఆకును రోట్లో నూరి ఉండ చేస్తే అందులో ఎంత మందుందో, ఎంత విషముందో తూచేది ఎవరు?

మీ అమ్మ చీటీలో పాక్లిటాక్సెల్ అని రాశారన్నావు. అదీ బెరడులో పుట్టిన మందే. అమెరికా పడమటి అడవుల్లోని యూ చెట్టు బెరడును 1962లో సేకరించారు. అందులోని మందు నిర్మాణాన్ని రసాయన శాస్త్రవేత్తలు మన్రో వాల్, మన మహారాష్ట్రలోని నందుర్‌బార్‌లో పుట్టిన మన్‌సుఖ్ వానీ 1971లో ప్రకటించారు. రొమ్ము క్యాన్సర్‌కు అక్కడ అనుమతి వచ్చేసరికి 1994. చెట్టు దగ్గర నుంచి సెలైన్ సంచి దాకా ముప్పై రెండేళ్ళు పట్టింది. మీ మామయ్యకు ఈ కథ చెప్పు. కోపంగా కాదు, భోజనం అయ్యాక, తీరిగ్గా.

ఇక మీ పిన్ని సంగతి. మన ఇంట్లో ఎవరికీ ఇది పూర్తిగా చెప్పలేదు.

రొమ్ములో గడ్డ చేతికి తగిలినప్పుడు రేగుపండంత ఉంది. సూది పరీక్ష అయింది, ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. కత్తి భయం ఆమెది, ఖర్చు భయం నాది. ఎవరో చెబితే రెండు బస్సులు మారి వెళ్ళి, తెల్లవారుజామున మూడింటికి వరసలో నిలబడ్డాం. మందు ఇచ్చినాయన పెద్దగా డబ్బు అడగలేదు, దానికే మేము పడిపోయాం. పాత పేపరు పొట్లంలో ఇటుక రంగు పొడి, తడి చెక్క వాసన. వారం తిరిగేసరికి ఆమెకు ఆకలి పుట్టింది, ముఖం నిండుగా కనిపించింది, మోకాళ్ళ నొప్పులు పోయాయి. నేను పొంగిపోయి మీ నాన్నకు ఫోను కూడా చేశాను. అలాంటి పొడుల్లో కొన్నింట్లో స్టెరాయిడ్ కలుపుతారని, ఆకలీ ముఖం ఉబ్బడమూ దాని పనేనని చాలా తరవాత ఒక డాక్టర్ చెబితే తెలిసింది. మా పొట్లంలో ఏముందో ఈనాటికీ తెలియదు. ఏ చెట్టు బెరడు అని నేను అడగనైనా లేదు, రవీ. పిల్లలకు ఆకును చూసి మొక్క కుటుంబం చెప్పమని పరీక్షలు పెట్టినవాణ్ణి.

ప్రతి ఆదివారం ఆమె గడ్డను దారంతో కొలిచి, ఆ ముక్కను బిస్కెట్ల డబ్బాలో వేసేది. పదహారు దారాలు పోగయ్యాయి. చివరిది మొదటిదానికి రెండింతలు. అప్పటికి చంకలో మరో గడ్డ. ఆ తరవాత ఆపరేషన్, కీమో అన్నీ చేయించాం. మూడేళ్ళు ఉంది. ముందే వెళ్ళి ఉంటే ఎన్నేళ్ళు ఉండేదో ఎవరూ చెప్పలేరు, నేను మాత్రం ఆ డబ్బా తీసినప్పుడల్లా లెక్క వేస్తుంటాను. అమెరికాలో ఆసుపత్రి వైద్యం వదిలి ప్రత్యామ్నాయ వైద్యాన్నే నమ్ముకున్న 281 మందిని పరిశీలించి 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు. వాళ్ళలో రొమ్ము క్యాన్సర్ ఉన్నవారికి చావు ముప్పు మామూలు వైద్యం చేయించుకున్నవారి కంటే అయిదు రెట్లు పైనే ఉంది. ఆ అంకె చదివినప్పుడు నాకు ఆ దారాలే కనిపించాయి.

కాబట్టి కీమో తేదీ ఒక్క రోజు కూడా జరగనివ్వకు. మిగిలినవన్నీ మాట్లాడుకోవచ్చు.

మీ అమ్మను ఒంటరిగా కూర్చోబెట్టి దేనికి భయపడుతోందో అడుగు. జుట్టు ఊడుతుందనా, నీకు అప్పవుతుందనా? డబ్బు భయమైతే ఆసుపత్రిలో ఉచిత వైద్య పథకం సంగతి చూసే ఆరోగ్యమిత్రను కలిసి కార్డు చూపించు. కూరలో పసుపు, చారులో మిరియాలు ఎప్పటిలాగే వేసుకోనీ. పసుపు మాత్రలు, తిప్పతీగ కషాయం మాత్రం డాక్టర్‌ను అడగకుండా వద్దు. తిప్పతీగతో కాలేయం దెబ్బతిన్నవారి గురించి 2021లో ముంబై డాక్టర్లు రాశారు, కీమోలో ఉన్న మనిషికి కాలేయం ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. తెల్లకణాలు తగ్గిన రోజుల్లో పచ్చి గోధుమగడ్డి రసం కూడా వద్దు. క్యాన్సర్‌కు మంచిదంటూ లక్ష్మణఫలం పంపుతానని మీ అత్తయ్య అంటే దండం పెట్టి వద్దను.

మామయ్య ఇంకా పట్టుబడితే ఆ పొడి ఇచ్చే మనిషిని అడగవలసినవి అడగమను. ఏ చెట్టు? రోజుకు ఎన్ని గ్రాములు? తిన్నవాళ్ళలో అయిదేళ్ళ తరవాత ఎందరున్నారు, వాళ్ళ బయాప్సీ కాగితాలు ఎక్కడ? క్యాన్సర్ నయం చేస్తామని మందుకు ప్రచారం చేసుకోవడం 1954 నాటి చట్టం ప్రకారం నేరమని కూడా చెప్పు, కాస్త మెల్లగా.

బుధవారం తేదీ అన్నావు కదా. మంగళవారం రాత్రి బస్సుకు బయలుదేరి తెల్లారేసరికి మీ ఇంట్లో ఉంటాను. స్కాన్ కాగితాలు, రక్త పరీక్షలు ఒకే సంచిలో పెట్టు. మామయ్య ఇప్పటికే పొట్లం తెచ్చి ఉంటే పారేయకు, అదీ ఆ సంచిలోనే పెట్టు. డాక్టర్ ముందు విప్పుదాం.

మీ బాబాయి